మిగిలిన ఎంబ్రియోలు పరిశోధనకు ఇస్తే పాపమా?

ప్రశ్న: మేడమ్, ఐవీఎఫ్‌తో మాకు పాప పుట్టింది. ఇప్పుడు నాలుగేళ్లు. ఇంకా మూడు ఎంబ్రియోలు ఆస్పత్రిలో ఫ్రీజ్ చేసి ఉన్నాయి. మేమిక పిల్లలు వద్దనుకున్నాం. ఈ ఏడాది ఫీజు కట్టమనే కాగితంతో పాటు 'ఉంచాలా, తీసేయాలా, పరిశోధనకు ఇస్తారా' అని ఫారం పంపారు. మా ఆయన ఇచ్చేద్దామంటారు. అత్తమ్మ భ్రూణహత్య అంటున్నారు. వాటిని ఏం చేస్తారు? ఇవ్వడం తప్పా?
– పేరు వద్దు, ఖమ్మం

జవాబు: అమ్మా, పరిశోధనకు ఇస్తే ఆ ఎంబ్రియో, అంటే పిండం, మిగలదు. ఈ సంగతి ఫారంలో స్పష్టంగా లేకపోతే అడిగి రాయించుకోండి.

ల్యాబ్‌లో రోజూ వాటిని చూసే పనే నాది. ఐదో రోజు పిండాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే చుట్టూ పలచటి కణాల పొర, లోపల నీరు, ఒక పక్కన అతుక్కుని చిన్న ముద్ద కనిపిస్తాయి. పొర నుంచి మాయ, ముద్ద నుంచి బిడ్డ తయారవుతాయి. శాస్త్రవేత్తలకు కావలసింది ఆ ముద్దే. దాన్ని తీసి పెంచితే గుండె, నరం, కంటిపొర, ఏ కణంగానైనా మారగల మూలకణాలు వస్తాయి. 1998లో అమెరికాలో శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ మనిషి పిండం నుంచి వీటిని మొదటిసారి వేరుచేసింది మీలాంటి దంపతులు ఇచ్చిన పిండాల నుంచే. పరిశోధనకు ఇచ్చిన పిండాలతో బిడ్డను పుట్టించరు. 14 రోజులు దాటి పెంచడానికి మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు ఒప్పుకోవు.

2007 నాటికి జపాన్‌లో శాస్త్రవేత్త యమనక మనిషి చర్మకణాన్నే మూలకణంగా మార్చారు కదా, ఇక పిండాలెందుకు అని కొందరు అడుగుతారు. అలా మార్చిన కణాలు సరిగ్గా ఉన్నాయా లేదా తేల్చడానికి పిండకణాలే గీటురాయి.

అత్తమ్మగారి మాట కొట్టిపారేయకండి. ఈ విషయంలో మన పెద్దలే ఒక్క మాట మీద లేరు. శుక్రశోణితాలు కలిసినప్పుడే జీవుడు దిగుతాడని చరకసంహిత, ఏడో నెలలో చేరతాడని గర్భోపనిషత్తు చెబుతాయి. గర్భంలో పెట్టని పిండాన్ని నేను బిడ్డగా చూడలేను. కానీ దాన్ని తేలిగ్గా పారేయాల్సిన వస్తువుగానూ చూడలేను. తీసేసినా అది పోయేదే. అందుకే ఇవ్వడంలో నాకు తప్పు కనిపించదు.

నాకు కోపం తెప్పించేది ఫీజు కాగితంతో ఈ ఫారం కలిపి పంపడం. డబ్బు కట్టలేక పెట్టే సంతకాన్ని మనస్ఫూర్తి అంగీకారం అనగలమా? ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకు ఉంచవచ్చు. ఆ తర్వాత అయినా పరిశోధనకు వెళ్లాలంటే మీ అంగీకారం ఉండాల్సిందే. వాటిని అమ్మడం, పరిశోధన కోసం విదేశాలకు పంపడం నేరం. మీకు ఇంకా సగం గడువుంది, హడావిడి పడకండి.

ఏ సంస్థకు పంపుతారు, దానికి రిజిస్ట్రేషన్ ఉందా, ఏ జబ్బు మీద పని, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మనసు మారితే ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చు అని అడగండి. జవాబు కాగితం మీద ఇవ్వమనండి. మీ ఆయన ఒక్కరే సంతకం పెడితే సరిపోదు, మీ ఇద్దరిదీ ఉండాలి. మీ మనసు ఒప్పకపోతే ఈ ఏడాదికి ఉంచేయండి.