ఆటిజం ఉన్న అబ్బాయికి హైదరాబాద్‌లో ఏ హైస్కూల్? ముందు ఆ ఫిట్స్ బిళ్లల సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 14 ఏళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు తక్కువే గానీ అడిగితే జవాబు చెబుతాడు, లెక్కలు బాగా చేస్తాడు. విజయనగరంలో ఇంటి దగ్గరే ఉన్న చిన్న ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. మా వారికి హైదరాబాద్ బదిలీ అయింది. జూన్‌లో అక్కడ తొమ్మిదిలో చేర్చాలి. సీబీఎస్ఈ స్కూలా, స్పెషల్ స్కూలా, ఓపెన్ స్కూలా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. రెండు స్కూళ్లు ఆటిజం అనగానే సీట్లు లేవన్నాయి. మూడో చోట అసలు చెప్పకుండా చేర్చేద్దామని మా వారు అంటున్నారు. హాస్టల్లో వేస్తే క్రమశిక్షణ వస్తుందని మా మామగారి మాట. ఫిట్స్ వచ్చి 14 నెలలైంది. బిళ్లలకు మొద్దుగా ఉంటున్నాడని, స్కూల్ ఇంటర్వ్యూలో చురుగ్గా కనిపించాలని మూడు వారాల కిందట ఆపేశాం. ఊరు మారుతున్నామని తెలిసినప్పటి నుంచి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు సిరప్ పడితే కాస్త పడుకుంటున్నాడు. ఒక్కోసారి తింటూ తింటూ ఆగిపోయి అలా చూస్తూ ఉండిపోతాడు, పిలిచినా పలకడు. బెంగ పెట్టుకున్నాడని అనుకుంటున్నాం. ఎలాంటి స్కూల్ అయితే మంచిది?
ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, స్కూల్ గురించి ఇంత వివరంగా రాసి, ఫిట్స్ బిళ్లలు ఆపేసిన సంగతి మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం అన్నిటికంటే ముందు కనిపించింది అదే. జూన్‌కి ఇంకా వ్యవధి ఉంది. ఈ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. ఇది చదివిన వెంటనే ఆ మందు రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే దగ్గర్లోని పిల్లల నరాల డాక్టర్‌ను గానీ, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో గానీ రేపే కలవండి.

ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేస్తే, అంతకుముందు అదుపులో ఉన్న ఫిట్స్ తిరిగి రావచ్చు. కొందరికి ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అది ప్రాణం మీదకు తెచ్చే పరిస్థితి. సాధారణంగా రెండేళ్లపాటు ఒక్క ఫిట్ కూడా రాకుండా ఉంటేనే మందు తగ్గించే ఆలోచన చేస్తాం. అప్పుడు కూడా ఒక్కరోజులో ఆపం, వారాలు, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తాం. మీ వాడికి 14 నెలలే అయింది. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ. అది కూడా రెండు వయసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఒకటి అయిదేళ్లలోపు, రెండోది ఇప్పుడు మీ వాడున్న ఈ టీనేజ్. అంటే మందు అవసరం ఎక్కువగా ఉన్న వయసులోనే మీరు ఆపేశారు.

అలాగని ఇంట్లో మిగిలిన బిళ్లలు తీసి ఈ రాత్రే పాత డోసు మొదలుపెట్టకండి. మందు పేరు మీరు రాయలేదు. లామోట్రిజిన్ లాంటి మందులను చాలా రోజులు ఆపి మళ్లీ పాత డోసుతోనే మొదలుపెడితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే వీలుంది. వాటిని మళ్లీ చిన్న డోసు నుంచే పెంచుకుంటూ రావాలి. వేరే మందులకు వేరే పద్ధతి. ఏది ఎలా మొదలుపెట్టాలో పిల్లవాడిని చూసే డాక్టరే చెప్పాలి.

తింటూ ఆగిపోయి చూస్తూ ఉండిపోవడం బెంగే కావచ్చు. నిద్ర లేకపోవడం వల్లా కావచ్చు, ఆటిజం పిల్లలు తమ లోకంలో ఉండిపోవడమూ మామూలే. అయితే చేతులూ కాళ్లూ కొట్టుకోకుండా వచ్చే ఫిట్స్ కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. మీరు రాసింది చదివి నేను ఏదీ తేల్చలేను. ఈసారి అలా జరిగినప్పుడు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కదపండి. ఇటు తిరిగి చూశాడా, అసలు స్పృహే లేనట్లు ఉన్నాడా గమనించండి. పెదాలు చప్పరించడం, చేత్తో బట్టలు నలపడం, తేరుకున్నాక కాసేపు అయోమయంగా ఉండటం కనిపిస్తే ఫిట్ అనే అనుమానం బలపడుతుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే ఫోన్లో వీడియో తీయమనండి. ఆ అర నిమిషం వీడియో మాకు ఎంతో ఉపయోగపడుతుంది.

డాక్టర్ చూసేదాకా స్నానాల గది గడియ లోపలి నుంచి వేసుకోనివ్వకండి. రోడ్డు మీద సైకిల్ వద్దు. మేడ మీదకు, చెరువు గట్టుకు ఒంటరిగా పంపకండి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైం చూసుకోండి. నోట్లో నీళ్లు పోయొద్దు, చెంచా పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఫిట్ ఆగదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలేమో మీ డాక్టర్‌ను అడగండి.

ఇక ఆ సిరప్. నిద్ర కోసం షాపువాళ్లు ఇచ్చే జలుబు సిరప్‌లలో చాలావాటిలో మత్తునిచ్చే అలర్జీ మందు ఉంటుంది. ఫిట్స్ ఉన్న పిల్లల్లో అలాంటివి ఫిట్స్‌ను రేపే అవకాశం ఉంది. నిద్రలేమి ఒకటి, బిళ్ల ఆపడం ఒకటి, దాని మీద ఈ సిరప్. మూడూ ఒకేసారి కలిశాయి. ఇది నన్ను చాలా కలవరపెడుతోంది. బిళ్లకు మొద్దుగా ఉన్నాడని ఆపిన మీరే, మర్నాడు మధ్యాహ్నం దాకా మగతగా ఉంచే మందు పడుతున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి. నా ఓపీలో ఇది తరచూ చూసేదే. మేనత్త పెళ్లిలో పిల్ల చలాకీగా ఉండాలని ఒకరు ఆపుతారు. పదో తరగతి పరీక్షలని ఒకరు, దీక్షలో ఉన్నామని ఒకరు, పక్కింటావిడ చెప్పిన నాటు మందు బాగా పనిచేస్తోందని ఇంకొకరు. అందరూ పిల్లల మీద ప్రేమతోనే ఆపారు. కొందరిని మళ్లీ నేను ఎమర్జెన్సీలోనే చూశాను.

మొద్దుగా ఉంటున్నాడన్న మీ ఫిర్యాదును నేను కొట్టిపారేయడం లేదు. అది నిజమే అయి ఉంటుంది. కానీ ఆ మాట మందు రాసిన డాక్టర్‌తో అనాల్సింది. డోసు సర్దవచ్చు, ఎక్కువ భాగం రాత్రికి మార్చవచ్చు, అవసరమైతే మందే మార్చవచ్చు. ఈ వయసులో పిల్లలు ఏడాదిలోనే చాలా బరువు పెరుగుతారు కాబట్టి డోసు ఎలాగూ మళ్లీ లెక్కగట్టాల్సిందే. వెళ్లేటప్పుడు ఇప్పటి బరువు, పాత ప్రిస్క్రిప్షన్లు, ఈఈజీ, ఎంఆర్ఐ రిపోర్టులు, థెరపిస్టు రాసిన కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. రెండో జిరాక్స్ సెట్ హైదరాబాద్ డాక్టర్‌కు పనికొస్తుంది. ఊరు మారే హడావుడిలో ముందు పోయేవి ఈ కాగితాలే. కనీసం నెల రోజులకు సరిపడా మందు చేతిలో పెట్టుకుని బయల్దేరండి.

నిద్ర విషయంలో ఇంకొక్క మాట. ఇలాంటి పిల్లలు నొప్పి అని చెప్పలేరు. పిప్పి పన్ను, చెవి నొప్పి, మలబద్ధకం, కడుపులో మంట, ఏదైనా నిద్ర చెడగొట్టవచ్చు. డాక్టర్‌ను అవి కూడా చూడమనండి.

ఇప్పుడు స్కూల్ సంగతి. ఫలానా స్కూల్లో చేర్చండని పేరు చెప్పను, పిల్లవాడిని చూడకుండా అలా చెప్పడం తప్పు. మీ వారి ఆలోచనకు మాత్రం గట్టిగానే వద్దంటాను. ఆటిజం సంగతి, ఫిట్స్ సంగతి దాచి చేర్చొద్దు. క్లాసులో వాడు చూస్తూ ఉండిపోతే, తెలియని టీచర్ పొగరనుకుని లేపి నిలబెడతారు. ఫిట్ వస్తే అందరూ చుట్టూ మూగి నోట్లో నీళ్లు పోస్తారు. పరీక్షల్లో రావాల్సిన వెసులుబాట్లూ పోతాయి. ఆటిజం అని చెబితే సీటు ఇవ్వని స్కూల్, చెప్పకుండా చేర్చాక వాడిని జాగ్రత్తగా చూసుకుంటుందని ఎలా నమ్ముతాం?

చట్టం మీ వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులతో నడిచేవైనా, గుర్తింపు పొందిన ప్రైవేటువైనా, స్కూళ్లు వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా చేర్చుకోవాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని స్కూల్లో గానీ, కోరుకుంటే స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. మీ దగ్గర సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం) ఉందో లేదో రాయలేదు. ఉన్నా సరే, దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. స్కూళ్లు సీటు లేదని చెబితే కారణం కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. చాలాచోట్ల అక్కడితో మాట మారుతుంది.

హాస్టల్ వద్దు. ఫిట్స్ అదుపులో ఉన్నాయో లేదో తెలియదు, నిద్ర లేదు, తన మీద ఎవరైనా చెయ్యి వేసినా వచ్చి చెప్పలేని పిల్లవాడు. రాత్రి పూట బిళ్ల ఎవరిస్తారు? మామగారికి మీరు చెప్పలేకపోతే డాక్టర్ వద్దన్నారని నా మాటగా చెప్పండి.

స్కూల్ చూడ్డానికి వెళితే ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని వచ్చేయకండి. మధ్యాహ్నం భోజనం బెల్ కొట్టే సమయానికి వెళ్లండి. ఆ గోల, ఆ తోపులాట, మరుగుదొడ్ల దగ్గర వరుస చూడండి. మీవాడు ఆ పావుగంట తట్టుకోగలడా అని ఆలోచించండి. తట్టుకోలేకపోతే కూర్చోవడానికి నిశ్శబ్దంగా ఒక గది ఉందా? స్పెషల్ ఎడ్యుకేటర్ రోజూ వస్తారా, వారానికి ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళతారా? క్లాసులో పిల్లలు ఎందరు? ఫిట్ వస్తే ఎవరు ఏం చేయాలో డాక్టర్ రాసిచ్చిన కాగితం తీసుకుని క్లాస్ టీచర్‌కు, పీఈటీ సార్‌కు, బస్ ఆయాకు చెబుతారా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చిన స్కూల్ పేరున్నది కాకపోయినా పర్వాలేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటన్నర బస్సు ప్రయాణం నిద్రను ఇంకా తినేస్తుంది. ఇల్లు చూసుకుని స్కూల్ వెతకడం కాదు, స్కూల్ చూసుకుని దాని దగ్గర ఇల్లు వెతకండి.

ఏ బోర్డు అన్నది నా వృత్తి పరిధిలోది కాదు గానీ తెలిసింది చెబుతాను. సీబీఎస్ఈలో ఇలాంటి పిల్లలకు మూడు గంటల పరీక్షకు గంట అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు, రెండు భాషలకు బదులు ఒక్క భాషే చదివే వీలు ఉన్నాయి. తొమ్మిదిలోనే బోర్డులో పేరు నమోదవుతుంది కాబట్టి వివరాలు అప్పుడే ఇవ్వాలి. ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో అయిదు సబ్జెక్టులు తనకు నప్పినవి ఎంచుకుని, అయిదేళ్లలో తొమ్మిది సార్ల దాకా ఒక్కొక్కటిగా పాస్ కావచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. లెక్కలు బాగా చేసే పిల్లవాడు కాబట్టి మామూలు స్కూల్‌ను ముందే వదులుకోవద్దనే నాకు అనిపిస్తోంది. అయినా నా ఊహ మీద వెళ్లకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యాలున్న వారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అక్కడ తెలివితేటలు, నైపుణ్యాలు పరీక్ష చేయించి, ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని నిర్ణయించండి. నగరంలో ఆటిజం పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలు మీ కంటపడతాయి. వాటికి డబ్బు కట్టే ముందు మీ డాక్టర్‌ను ఒక్క మాట అడగండి.

ఇంత రాసినా, కొత్త ఊరి గురించి అబ్బాయి ఏమంటున్నాడో మీరు ఒక్క మాట కూడా రాయలేదు. నిద్ర పట్టకపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు. మాటలు తక్కువైనంత మాత్రాన అర్థం కాదని కాదు కదమ్మా. కొత్త ఇంటి ఫొటోలు, స్కూల్ గేటు, తన క్లాసు గది ఫొటోలు తీసి చూపించండి. ప్రయాణం తేదీ క్యాలెండర్లో వాడి చేతే రాయించండి. సామాను సర్దేటప్పుడు వాడి మంచం, దుప్పటి, రోజూ చేతిలో ఉండే వస్తువులు అన్నిటికంటే చివర లారీ ఎక్కించి, అక్కడ అన్నిటికంటే ముందు దింపండి. స్కూల్ తెరిచే ముందు ఒక సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, వాడిని ఆ ఆవరణలో తిరగనివ్వండి. ఇవన్నీ బిళ్లల సంగతి డాక్టర్‌తో మాట్లాడిన తర్వాతే. ఆ ఫోన్ మాత్రం ఇప్పుడే చేయండి.