స్కోపింగ్ రివ్యూలో "కారణం ఏమిటి?" అని అడగకండి

స్కోపింగ్ రివ్యూకి టాపిక్, ఆబ్జెక్టివ్, రీసెర్చ్ ప్రశ్నలు ఎలా ఖాయం చేసుకోవాలని అడిగారు. స్కోపింగ్ రివ్యూ అంటే ఒక విషయం మీద ఇప్పటిదాకా ఏ పరిశోధనలు జరిగాయో, ఏవి జరగలేదో పటం గీసినట్టు చూపడం; కారణం తేల్చడం దాని పని కాదు. ముందు మీ ప్రశ్నలో "కారణం ఏమిటి", "ఏ మందు పనిచేస్తుంది" లాంటి మాటలుంటే కొట్టేయండి. ఎవరు, ఎక్కడ, ఏ పద్ధతిలో, ఏం పరిశీలించారు, దేన్ని ఎవరూ ముట్టుకోలేదు? అడగాల్సింది ఇదే.

మా దగ్గర ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేస్తున్న ఒకమ్మాయిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కవిటి వైపు ఊరు. మేనమామ డయాలసిస్ మీద ఉన్నాడు. "ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఏమిటి?" అని ప్రశ్న రాసుకొచ్చింది. పేపర్లన్నీ పోగేసినా దీనికి జవాబు రాదమ్మా అన్నాను. ఆ పిల్లకి కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. "మరి ఇన్నేళ్ళూ అంతమంది వచ్చి మా వాళ్ళ రక్తం, బావుల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు కదక్కా, అవన్నీ ఏమైనట్టు?" అంది. అదే నీ ప్రశ్న, రాసుకో అన్నాను.

ఇక సాయంత్రం దాకా దాన్నే చెక్కాం. ఎవరి గురించి? పెద్దవాళ్ళు. ఏ విషయం? నీళ్ళలో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని, వంశపారంపర్యం, ఇలా అధ్యయనాలు అనుమానించిన కారకాలు. ఎక్కడ? ఇక్కడే వాదన జరిగింది. ఇలాంటి జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఉంది. అన్నీ కలిపితే మాస్టర్స్ గడువులో తేలదు. ఉద్దానానికే పరిమితం చేశాం. జనం, భావన, సందర్భం అని, రివ్యూ పద్ధతులు రూపొందించే జేబీఐ సంస్థ వాళ్ళు చెప్పే పీసీసీ అంటే ఇంతే. టైటిల్, ఆబ్జెక్టివ్, ప్రశ్న మూడింట్లోనూ ఇవే కనబడాలి. ఉపప్రశ్నల్లో జబ్బుని ఎలా నిర్ధారించారన్నది తప్పక పెట్టండి. దీర్ఘకాలికం అనాలంటే మూడు నెలలకు పైగా ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారే చూసి లెక్క కట్టారా, మళ్ళీ చూశారా అన్నది ఆ ఉపప్రశ్నతోనే బయటపడుతుంది.

ఇంత చేశాక కమిటీలో ఒకరు "పీకో ఏది?" అన్నారు. పీకో అంటే రోగులు, చికిత్స, పోలిక, ఫలితం అనే చట్రం. పోల్చడానికి రెండో గుంపు లేని చోట పీకో ఎందుకండీ? ఆర్క్‌సీ, ఓమాలీ అనే పరిశోధకులు స్కోపింగ్ రివ్యూలకి 2005లోనే దారి వేశారు, రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే ప్రిస్మా స్కోపింగ్ చెక్‌లిస్టు 2018లో వచ్చింది. విద్యార్థులకి గైడ్లుగా ఉండే మేష్టార్లు ఇవైనా తిరగేయాలి. ఎథిక్స్ అనుమతి అక్కర్లేదు, తొందరగా అయిపోతుందని విద్యార్థులకి స్కోపింగ్ రివ్యూ అంటగట్టడం ఇంకో అన్యాయం. చదవడం మొదలుపెట్టాక ప్రశ్న కొంత మారుతుంది, మారనివ్వాలి. మారిందని, ఎందుకు మారిందని రిపోర్టులో రాస్తే చాలు. ప్రోటోకాల్, అంటే రివ్యూ ఎలా చేస్తారో రాసుకున్న ప్రణాళిక, మాత్రం ముందే అందరికీ కనబడేలా దాచిపెట్టే వెబ్‌సైటు ఓఎస్‌ఎఫ్‌లో పెట్టండి, సిస్టమాటిక్ రివ్యూలు నమోదు చేసే ప్రాస్పెరో స్కోపింగ్ రివ్యూలు తీసుకోదు.

ఆ అమ్మాయి ఆఖరి ఉపప్రశ్న ఇది: నమూనాలు ఇచ్చిన ఊళ్ళవాళ్ళకి ఫలితాలు తిరిగి చెప్పినట్టు ఎన్ని అధ్యయనాలు రాశాయి? అది శాస్త్రం కిందకి రాదు, తీసేయమన్నారు. మేం తీయలేదు.