ఓడ గంట కొనబోయే రవికి

చి. రవికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో అరగంట మాట్లాడి, అసలు సంగతి చివర్లో చెప్పింది. గుజరాత్‌లో పాత ఓడల్ని తుక్కు చేసే అలంగ్ వెళ్ళి పాత యుద్ధనౌక గంట కొనుక్కొచ్చి, భీమిలి రోడ్డులో తెరవబోయే కాఫీ షాపులో వేలాడదీస్తావట. నేవీ అంటే మనింట్లో ఒకడికైనా ఇంత పిచ్చి పట్టిందని సంబరపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. డబ్బు దగ్గర గట్టివాడివే గాని, ఎవడైనా కథ చెప్తే కరిగిపోతావు. అక్కడ ముందు అమ్మేది కథ, ఆ తర్వాతే ఇత్తడి.

"ఇది విరాట్ గంట సార్" అంటాడు అమ్మేవాడు. నమ్మకు. మన నేవీ విమానవాహక నౌక విరాట్ 2020లో అలంగ్ చేరిన మాట నిజమే. కానీ ఓడని తుక్కుకిచ్చే ముందే గంటనీ, క్రెస్టునీ (ఓడ చిహ్నం ఉన్న పలక) నేవీ విప్పి దాచుకోవడం ఆనవాయితీ. పాత విక్రాంత్ సంగతే చూడు. 1961లో మన నేవీలో చేరింది. 71 యుద్ధంలో దాని సీహాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. 1997లో రిటైరైంది, 2014లో ముంబై దారుఖానాలో దాన్ని ముక్కలు చేయడం మొదలెట్టారు. ఆ ఇనుము మోటార్ సైకిళ్ళలోకి కూడా వెళ్ళింది. గంట మాత్రం ఢిల్లీలో నేవీ వైస్ చీఫ్ అధికార నివాసంలో భద్రంగా ఉండి, 2023లో కొత్త విక్రాంత్‌కి చేరింది. అలాంటిది నీకు రోడ్డు పక్కన దొరుకుతుందా? దొరికేవి చాలావరకు సరుకు ఓడలవి, కాదంటే ఇత్తడి సామాన్ల ఊరు మొరాదాబాద్‌లో నిన్న మొన్న పోతపోసినవి. "టైటానిక్ 1912" అని చెక్కినవీ ఉంటాయి, నవ్వుకుని ముందుకెళ్ళు. సరుకు ఓడదైతే మాత్రం ఏం, అదీ సముద్రం చూసిందే.

అయస్కాంతం తీసుకెళ్ళు, అంటుకుంటే లోపల ఇనుము. మోగించి విను. బిల్లు రాయించుకో.

పాత పైపులూ, పెయింటు పలకలూ కూడా తెస్తానన్నావట. వద్దు. పాత ఓడల్లో పైపులకి చుట్టేది ఆస్బెస్టాస్, పెయింటులో సీసం. గరుకు కాగితంతో గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నాతో బాయిలర్ రూములో చేసినవాళ్ళలో దగ్గీ దగ్గీ పోయినవాళ్ళున్నారు. దీని మీద నాతో వాదించకు.

ఇక గంట. తోమకు. ఎంత నల్లగా ఉన్నా తోమకు.

నేను సర్వీసులో ఉండగా ఒక యూనిట్ ఆఫీసు ముందు బ్రిటిష్‌వాళ్ళ నాటి గంట ఒకటుండేది. బయట ఓడ పేరు, సంవత్సరం. లోపలి అంచున చిన్న చిన్న అక్షరాలు. వాళ్ళ నేవీలో నావికుల పిల్లలకి ఓడ మీదే బాప్టిజం ఇచ్చేవారు. గంటని మూతి పైకొచ్చేలా తిరగేసి నీళ్ళు పోసి అందులోనే. తర్వాత ఆ పిల్లల పేర్లు గంట లోపల చెక్కించేవారు. ఒక ముసలి పెట్టీ ఆఫీసరు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని వంగోబెట్టి, టార్చి వేసి ఆ పేర్లు చూపించేవాడు. ఇన్‌స్పెక్షన్ వస్తోందని, గంట అద్దంలా మెరవాలని పైనుంచి ఆర్డరొచ్చింది. మనుషుల చేత బ్రాసో పాలిష్‌తో రుద్దిస్తే ఆలస్యమవుతుందని ఊళ్ళో బఫింగ్ మోటారు (తిరిగే చక్రంతో మెరుగుపెట్టేది) ఉన్న దుకాణానికి పంపారు. సాయంత్రానికి తిరిగొచ్చింది. మెరుపు బాగానే ఉంది. ఓడ పేరు మాత్రం నానిన సబ్బు మీది అక్షరాల్లా అయింది. సంవత్సరంలో చివరి అంకె మూడో ఎనిమిదో తెలీలేదు. పెట్టీ ఆఫీసరు లోపలికి చెయ్యి పెట్టి అంచు చుట్టూ వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. నున్నగా ఉంది. ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన పెద్దమనిషి గంట వంక చూడనే లేదు. ఆ పేర్లు ఎవరూ కాగితం మీద రాసిపెట్టుకోలేదు, ఫొటో లేదు. వాళ్ళలో ఎవరైనా ముసలితనంలో తన పేరు వెతుక్కుంటూ వచ్చుంటే ఏం చూపించేవాళ్ళం?

అందుకే గంట చేతికి రాగానే లోపలా బయటా ఫొటోలు తీయి, లైటు పక్కనుంచి పడేలా. మెత్తటి బట్ట, డిస్టిల్డ్ వాటరు, వెంటనే పొడిగా తుడవడం, అంతే. మీ అమ్మ చింతపండు పట్టుకొస్తుంది, బిందెలు తోమిన చెయ్యి కదా ఊరుకోదు. గంటని ఆవిడకి అందకుండా పెట్టు. నల్లటి పొర దానికి మేలే. లేత ఆకుపచ్చ పొడి మచ్చలుగా రాలుతుంటే మాత్రం అది ఉప్పు పట్టిన రోగం, మ్యూజియంలో ఇలాంటివి బాగుచేసేవాళ్ళకి చూపించు.

ఫాల్స్ సీలింగుకి వేలాడదీస్తే నేనే వచ్చి దింపేస్తాను. స్లాబులోకి దిగిన కొక్కెం ఉండాలి. వచ్చినవాళ్ళందరి చేతా ఊరికే కొట్టించకు. ఓడ మీద అరగంటకో దెబ్బ పెంచుకుంటూ పోయి, నాలుగు గంటల వాచ్ (డ్యూటీ వంతు) చివర ఎనిమిది కొడితేగాని మాకు డ్యూటీ దిగేది కాదు. ఇప్పటికీ తెల్లారి నాలుగింటికి నాకు మెలకువొచ్చేస్తుంది. మీ అత్తయ్య తిడుతుంది.

గంట నాలుకకి కట్టే తాడు మాత్రం కొనకు. అది అల్లిక పని, ముడి మీద ముడి వేసి చేయాలి. చూపు తగ్గినా నాకింకా చేతనవును. నాలుక కొసనున్న కన్నం ఎంత వెడల్పో కొలిచి పంపు, తెల్ల నూలు తాడు పూర్ణా మార్కెట్లో నేను చూసుకుంటాను.

మీ మావయ్య