పచ్చి లద్దె బీడులో చల్లకు చిన్నా

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తే నయమనిపించింది. మొయినాబాద్‌లో నీ నాలుగు గుర్రాలూ తలా రోజుకు 20 కిలోల దాకా లద్దె వేస్తాయి. కింద పరిచే గడ్డి కలపకుండానే నెలకు రెండు టన్నుల పైమాట. పారబోసే బదులు మేత బీడుకే తోలేస్తే పోదా అన్నావు. తోలు, కానీ పచ్చిది మాత్రం వద్దు.

నేను గుర్రాలను చూసుకునే సాయీసుగా చేరిన కొత్తలో ఆ పనే చేశాను. వానలకు గడ్డి మోకాలెత్తు లేచింది, గుర్రాలు మాత్రం మూతి పెట్టలేదు. తమ లద్దె పడ్డచోట మేయడం వాటికి గిట్టదు. పడనిచోట నేలదాకా కొరికేశాయి. ఆ ఏడు ఒక గుర్రప్పిల్ల కడుపులో పురుగులతో ఎముకల గూడైంది. లద్దెలోని గుడ్లు పొదిగి, పురుగు పిల్లలు తడి గడ్డి మీదికి పాకుతాయి. మేతతో పాటు మళ్లీ కడుపులోకి పోతాయి. అది పూర్తిగా నా తెలివితక్కువే.

ఆవు పేడలాంటిదే కదా అనుకోకు. గుర్రం నెమరు వెయ్యదు, చాలా గింజలు నలగకుండానే బయటికొస్తాయి. కొన్న గడ్డిలో వయ్యారిభామ కలుపు గింజ ఉందా, నీ బీడులో నువ్వే విత్తినట్టు.

గుడ్డుకూ గింజకూ రెండింటికీ మందు వేడే. ఏడాది పాటు మూలన పడేసిన లద్దె నల్లబడుతుంది, చివుకుతుంది, కానీ వేడెక్కి ఉండాలని లేదు. కుప్ప నాలుగైదు అడుగుల ఎత్తు, అంతే వెడల్పు ఉండాలి. చిన్నదైతే వేడి నిలవదు. లోపల 55 డిగ్రీలు దాటి పదిహేను రోజులు నిలవాలి, ఆ రోజుల్లోనే ఐదుసార్లు తిరగెయ్యాలి. పై పొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి దాన్ని లోపలికి, లోపలిదాన్ని పైకి తేవాలి. ఈగ పురుగులు కూడా అక్కడే చస్తాయి. థర్మామీటర్ లేకపోతే ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి తియ్యి. చేత్తో పట్టుకోలేకపోతే సరిగ్గా ఉడుకుతున్నట్టు. తడి చూడాలంటే గుప్పెడు పిండు, ఒకటి రెండు చుక్కలు రావాలి. మన ఎండలకు నీళ్లు చల్లక తప్పదు, వానకు టార్పాలిన్ తప్పదు. బావికి వంద అడుగుల దూరంలో పెట్టు.

సాలలో రంపపు పొట్టు పరుస్తున్నావని విన్నాను. అది ఎక్కువైతే కుప్ప వేడెక్కదు, మాగదు. మాగనిదే చల్లితే నేలలోని నత్రజనిని అదే లాగేసుకుని గడ్డి పసుపెక్కుతుంది. వరిగడ్డికి మారు. కుదరకపోతే లద్దెతో పాటు పచ్చి ఆకూ అలమూ ఎక్కువ కలుపు.

ఎండుగడ్డి అమ్మేవాణ్ణి ఏ కలుపు మందు కొట్టాడో అడుగు. కొన్ని మందులు గుర్రం పొట్టలోంచీ కుప్పలోంచీ కూడా చెక్కుచెదరకుండా వస్తాయి. గడ్డికేమీ కాదు గానీ చిక్కుడు జాతి మేత మొక్క, నీ స్టైలో పోతుంది. అనుమానముంటే ఆ ఎరువులో నాలుగు చిక్కుడు గింజలు పెట్టి చూడు. ఆకులు మెలిపడితే ఆ ఎరువు వాడకు.

ఇప్పుడు మొదలుపెడితే మృగశిర కార్తెకు మట్టి వాసన వచ్చే ఎరువు చేతికొస్తుంది. ఎకరానికి రెండు ట్రాక్టర్ ట్రక్కులు చాలు, గడ్డి కొసలు పైకి కనిపించేలా పలుచగా చల్లించు. గుర్రాలను నెల రోజులు అటు వదలకు.

పనివాళ్లకు బూట్లు కొనివ్వు, ధనుర్వాతం ఇంజక్షన్ వేయించు, నువ్వూ వేయించుకో. గుర్రపు లద్దెలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది, దాని గట్టి బీజాలు కుప్ప వేడికి కూడా చావవు. సాలలో ఉత్త కాళ్లతో తిరిగే నీ అలవాటు నాకు తెలుసు.

ఉగాదికి వస్తున్నాను. చువ్వ కుప్పలోనే గుచ్చి ఉంచు, నేనే తీసి చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య