టెక్ సందేహాలు: గడ్డకట్టే చలిలో వాహనం సిద్ధంగా ఉండాలంటే

చలి, వాహనాల మీద వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంజిన్ స్టార్ట్ అయ్యాక దాన్ని త్వరగా వేడెక్కించడం ఎలా అన్న చోటే ఆగుతున్నాయి. నేను మాత్రం అంతకు ముందు గంటల గురించే ఎక్కువ చెప్పదలచుకున్నాను. చల్లటి ఇంజిన్‌కు అతిపెద్ద కష్టం మొదటి కొన్ని సెకన్లలోనే ఎదురవుతుంది. ఆ సెకన్ల కన్నా ముందు అందించిన వేడి చేసే మేలును, తర్వాత పావుగంట సేపు నిలబెట్టి నడిపినా తీసుకురాలేము.

ప్రశ్న: మా కారు ఇంజిన్‌కు బ్లాక్ హీటర్ (స్టార్ట్ చేయకముందే ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబరిచే పరికరం) ఉంది. దాన్ని ఫోన్‌తో నడిపే స్మార్ట్ ప్లగ్‌కు కలిపి తెల్లవారుజామున ఆన్ అయ్యేలా టైమర్ పెట్టాను. యాప్‌లో ‘ఆన్’ అనే ఉంటోంది. అయినా కొన్ని రోజులు ఇంజిన్ మంచుగడ్డలా ఉంటోంది. లోపం ఎక్కడ?

యాప్‌లో మీరు చూస్తున్న ‘ఆన్’ అన్న మాటకు ప్లగ్ లోపలి రిలే, అంటే కరెంటు స్విచ్, కలిసిందని మాత్రమే అర్థం. కరెంటు హీటర్ దాకా వెళ్లిందో లేదో ఆ ప్లగ్‌కు తెలియదు. కాబట్టి ఎన్ని వాట్లు వాడుతోందో చూపించే రకం ప్లగ్ తీసుకోండి. కార్ల బ్లాక్ హీటర్లు చాలావరకు 400 నుంచి 1000 వాట్ల మధ్య ఉంటాయి. మీ హీటర్ మీద 600 వాట్లని రాసి ఉంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు యాప్‌లో కూడా అంకె ఆ చుట్టుపక్కలే కనిపించాలి. సున్నా కనిపిస్తే హీటర్ కాలిపోయి ఉండాలి, లేదా బానెట్ కింద తీగ ఎక్కడో ఊడి ఉండాలి. ఈ ఒక్క అంకె మీ అనుమానాల్లో సగం తీరుస్తుంది.

‘కొన్ని రోజులు’ అన్నారు కనుక రెండో పరీక్ష కూడా చేయండి. కొన్ని ప్లగ్‌లు టైమర్‌ను తమలోనే దాచుకుంటాయి. మరికొన్ని ప్రతిసారీ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్ నుంచి ఆదేశం కోసం ఎదురుచూస్తాయి. టైమర్‌ను పది నిమిషాల తర్వాతకు మార్చి, రౌటర్ ఆపేసి చూడండి. సమయానికి ప్లగ్ ఆన్ కాకపోతే అది రెండో రకం, దాని మీద ఆధారపడకండి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ప్లగ్ ఏ స్థితిలో ఉండాలో నిర్ణయించే సెట్టింగ్ కూడా యాప్‌లో ఉంటుంది. దాన్ని ‘మునుపటి స్థితి’కి మార్చుకోండి. చాలా ప్లగ్‌లలో ఈ సెట్టింగ్ ‘ఆఫ్’లో ఉంటుంది, రాత్రి ఒక్క నిమిషం కరెంటు పోయి వస్తే చాలు, హీటర్ ఆగిపోతుంది.

ఇక్కడ భద్రత గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంట్లో దీపాల కోసం తయారైన స్మార్ట్ ప్లగ్‌లు చాలావాటికి సున్నా డిగ్రీల కన్నా తక్కువలో పనిచేసే హామీ లేదు, తడి తట్టుకునే గుణమూ లేదు. నేను ఒకప్పుడు అటువంటి ప్లగ్‌నే ఆరుబయట వాడాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే, ఒక రంధ్రం చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కాలిన వాసన వస్తోంది. అప్పటి నుంచి ఆరుబయటకు తగినదని స్పష్టంగా రాసిన ప్లగ్, హీటర్‌కు కావలసిన కరెంటు కన్నా బాగా ఎక్కువ మోయగల మందపాటి తీగ మాత్రమే వాడుతున్నాను. అరగంట నడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే మార్చండి.

ఎంతసేపు పెట్టాలన్నది చాలామందిని వేధించే సందేహం. బయలుదేరడానికి రెండు నుంచి నాలుగు గంటల ముందు ఆన్ అయితే చాలు. ఆ తర్వాత ఇంజిన్‌లోకి వెళ్లే వేడి, బయటి గాలికి పోయే వేడి దాదాపు సమానమవుతాయి కాబట్టి, రాత్రంతా ఉంచితే పెరిగేది కరెంటు ఖర్చే. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజిన్ పైభాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టు స్థానంలో బిగించే హీటర్‌కు 1949లో పేటెంట్ పొందారు. నేటి హీటర్లు ఎక్కువగా ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ ద్రవాన్ని వేడిచేస్తాయి, కానీ ఉద్దేశం అదే.

ప్రశ్న: బ్యాటరీ మార్చి రెండేళ్లే అయింది. చలి ముదిరిన ఉదయాల్లో స్టార్టర్ బరువుగా మూలుగుతోంది. మల్టీమీటర్ 12.1 వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీ పాడైనట్టేనా?

పాడైందని అప్పుడే తీర్మానించకండి. రాత్రంతా కదలకుండా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపాలి. మీది 12.1 దగ్గర ఉందంటే అది సగం కూడా నిండి లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర నిండు బ్యాటరీ అయినా వెచ్చటి రోజుల్లో ఇచ్చే బలంలో సుమారు సగమే ఇస్తుంది. అదే సమయంలో చిక్కబడిన ఆయిల్ వల్ల ఇంజిన్‌ను తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి. ఇచ్చేది తగ్గి, అడిగేది పెరిగినప్పుడు వచ్చేదే మీరు విన్న మూలుగు.

ముందు మంచి ఛార్జర్‌తో పూర్తిగా నింపి, ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలవండి. అంకె మళ్లీ దిగజారితే, డ్యాష్ క్యామ్ (కారు ముందు అద్దం దగ్గరి కెమెరా) పార్కింగ్ మోడ్‌లో, అంటే కారు ఆగి ఉన్నా పనిచేస్తూ ఉందేమో, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ (కారు లోపాలు చదివే) సాకెట్‌లో డాంగిల్ అనే చిన్న పరికరం ఏదైనా వదిలేశారేమో చూడండి. ఇవి రాత్రంతా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. డ్యాష్ క్యామ్‌లో తక్కువ వోల్టేజీ దగ్గర ఆగిపోయే సెట్టింగ్ ఉంటే, చలికాలంలో దాన్ని 12.4కు పెంచండి. ఖాళీ అయిన బ్యాటరీని అశ్రద్ధ చేయకూడదు. నిండు బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల దాకా కూడా గడ్డకట్టదు కానీ, బాగా ఖాళీ అయిన దాంట్లోది మైనస్ 10 చుట్టుపక్కలే గడ్డకడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఛార్జర్ గానీ, మరో కారు బ్యాటరీతో కలిపే జంపర్ తీగలు గానీ పెట్టవద్దు, పగిలే ప్రమాదం ఉంది.

ఆయిల్ విషయానికి వస్తే, డబ్బా మీద ‘డబ్ల్యూ’ అక్షరానికి ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలుచగా ఉంటుంది. వాహనం మాన్యువల్ అనుమతిస్తే 10డబ్ల్యూ కన్నా 5డబ్ల్యూ, అతి చలికి 0డబ్ల్యూ మేలు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారును మామూలు సాకెట్‌కు తగిలించి, బయలుదేరే సమయం సెట్ చేశాను. ఉదయం కారు వెచ్చగా ఉంది కానీ ఛార్జింగ్ మూడు శాతం తగ్గింది. ఛార్జర్‌లో లోపమా?

లోపమేమీ లేదు, లెక్క వేసి చూడండి. చలి ఎక్కువగా ఉన్నప్పుడు కేబిన్‌ను, బ్యాటరీని కలిపి వేడిచేయడానికి 5 కిలోవాట్ల దాకా కావాలనుకుందాం. మీ మామూలు సాకెట్ ఇవ్వగలిగింది 2 కిలోవాట్లు. మిగిలిన 3 కిలోవాట్లు కారు బ్యాటరీ నుంచే రావాలి. అరగంటలో అది ఒకటిన్నర యూనిట్, అంటే 60 కిలోవాట్ అవర్ బ్యాటరీలో రెండున్నర శాతం. ఎక్కువ సామర్థ్యమున్న వాల్ ఛార్జర్ ఉంటే ఈ తగ్గుదల కనిపించదు.

ఆ మూడు శాతం వృథా పోయిందని నేను అనుకోను. లిథియం అయాన్ సెల్స్ సున్నా కన్నా కింద ఉన్నప్పుడు వేగంగా ఛార్జ్ చేస్తే వాటి లోపల లోహ లిథియం పేరుకుని శాశ్వత నష్టం జరుగుతుంది. అందుకే కారు తానే ఛార్జింగ్ వేగాన్ని తగ్గిస్తుంది, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తినీ పరిమితం చేస్తుంది. వెచ్చబడిన బ్యాటరీతో బయలుదేరితే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. కేబిన్‌ను వేడిచేసే మీట, బ్యాటరీని వేడిచేసే సెట్టింగ్ కొన్ని కార్లలో వేర్వేరుగా ఉంటాయి, ఆ సంగతి మాన్యువల్‌లో సరిచూసుకోండి. దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగే ఉద్దేశం ఉంటే, దాన్ని కారు నావిగేషన్‌లోనే గమ్యంగా పెట్టండి. ఆ సౌకర్యమున్న కార్లు చేరేలోగా బ్యాటరీని సిద్ధం చేసుకుంటాయి.

ప్రశ్న: బ్యాటరీ నీరసించినప్పుడు కారును స్టార్ట్ చేసే జంప్ స్టార్టర్ పవర్ బ్యాంక్‌ను కారు డిక్కీలోనే ఉంచుతున్నాను. సరైనదేనా?

కాదు. దానిలోనూ లిథియం సెల్సే ఉంటాయి, కారు ఆగిపోయే చలిలో అదీ నీరసిస్తుంది. రాత్రిళ్లు ఇంట్లో ఉంచండి, బయలుదేరేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫోన్ యాప్‌తో ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నాను. వారం పాటు కారు కదలకపోతే యాప్ పనిచేయడం లేదు. అలాగే, కారు మూసిన గ్యారేజీలో ఉంటుంది. పది నిమిషాలు నడిపితే ఇబ్బందా?

మొదటి దానికి కారణం తేలిక. 12 వోల్టుల బ్యాటరీని కాపాడటానికి కొన్ని రోజుల తర్వాత కారులోని నెట్‌వర్క్ విభాగం నిద్రలోకి వెళ్తుంది. ఒకసారి తాళంతో తెరిచి నడిపితే మేల్కొంటుంది. పనిచేస్తోందా లేదా అని యాప్‌ను పదేపదే తెరవడం కూడా మంచిది కాదు. చాలా కార్లలో ప్రతిసారీ కంప్యూటర్లు మేల్కొని అదే బ్యాటరీని ఖాళీ చేస్తాయి.

రెండోదానికి నా జవాబు: ఒక్క నిమిషం కూడా వద్దు. పెట్రోలు ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా అది లోపలే చేరి, ఇంటి గదుల్లోకి పాకగలదు. ఆరుబయట నిలిపిన కారైనా సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు పేరుకుని ఉంటే ముందు దాన్ని తొలగించాలి. మీ విషయంలో అసలు భయం జేబులోని ఫోన్‌లో పొరపాటున మీట నొక్కుకుపోవడం. కాబట్టి యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రిమోట్ స్టార్ట్‌కు పిన్ లేదా వేలిముద్ర తప్పనిసరి చేయండి, ఇంజిన్ తనంతట తాను ఆగే సమయాన్ని వీలైనంత తక్కువకు కుదించండి. గ్యారేజీని ఆనుకుని ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే అమర్చండి. ఆ గ్యారేజీలో ఇంజిన్‌కు వేడి కావాలంటే, మొదటి ప్రశ్నలో చెప్పిన బ్లాక్ హీటరే మీకు తగిన దారి.