పాఠానికి కూడా ఒక తేదీ ఉంటుంది

అమలాపురం,
డిసెంబరు 8.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ నాలుగు రోజుల క్రితం చేరింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయన్న సంగతి ఈ జిల్లాలోనే చాలామందికి తెలియని రోజుల్లో, దాన్ని కథగా రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. ఒకసారి ఆబగా చదివాను. రెండోసారి ఎర్ర సిరా కలం పట్టుకుని చదివాను కనుక ఈ ఉత్తరం కొంచెం కటువుగా ఉంటే ఏమనుకోకు.

మొదటి పేజీలో రాత్రంతా కుక్కలు ఏడ్చాయి, తెల్లవారుతూనే కాకి ఒకటి పెరటి గోడ మీద వాలి అరిచింది, పదేళ్ళ మీ తాతగారికి ఎడమకన్ను అదిరింది. ఈ మూడింటినీ కొట్టేశాను. ఆ శకునాలు ఆ పిల్లవాడివి కావమ్మా, నీవి. ఏం జరగబోతోందో నీకు తెలుసు కాబట్టి ఎనభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి ఆయన కంటిని నువ్వే అదిరించావు.

మా అమ్మమ్మ ఆ రోజు కాకినాడ జగన్నాథపురంలోనే ఉంది. అరుగు మీద కూర్చుని కొత్త చింతపండుకు పిక్కలు తీస్తోందట. రేవు వైపు నుంచి ఢమఢమమని చప్పుడు వినబడితే, ఎవరో పెళ్ళివారు మందుగుండు కాలుస్తున్నారనుకుని మళ్ళీ పనిలో పడిందట. పక్కింటావిడ పరుగెత్తుకుని వచ్చి చెప్పేదాకా ఆమె చేయి ఆగలేదు. తెలియని చప్పుడు చెవిన పడినప్పుడు మనిషి తనకు తెలిసినవాటిలో దగ్గరగా ఉన్న కారణాన్ని దానికి అంటగట్టి ఊరుకుంటాడు; ఆకస్మిక దాడి గురించి నాకు అర్థమైన ముఖ్యమైన విషయం ఇదే, దాన్ని నేను ముందు చింతపండు కథలోనే విన్నాను.

తరువాత ఎప్పుడో పెర్ల్ హార్బర్ సంగతి చదువుతుంటే అదే కథ మళ్ళీ ఎదురైంది. 1941 డిసెంబరు 7 ఆదివారం ఉదయం ఏడు గంటల వేళ, హవాయిలోని ఒవాహు ద్వీపం ఉత్తరపు కొసన రాడార్ ముందు కూర్చున్న ఇద్దరు సైనికులకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో పెద్ద విమానాల గుంపు కనిపించింది. వాళ్ళు ఫోను చేసి చెప్పారు కూడా. అవతల ఉన్న యువ అధికారికి ఆ ఉదయమే కాలిఫోర్నియా నుంచి తమ బి-17 బాంబర్లు రావలసి ఉన్నాయని తెలుసు కనుక, పట్టించుకోనక్కర లేదన్నాడు. గంట తిరగకుండా నౌకాశ్రయం తగలబడింది. 2,400 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. ఆ అధికారిని మందమతిగా చిత్రించడం తేలిక, కానీ అతడు అనుకున్న బి-17లు నిజంగానే వచ్చాయి, దాడి మధ్యలో. అతడి తప్పు మా అమ్మమ్మ తప్పు వంటిదే, మూల్యం మాత్రం వేరు.

ఇక నీ కథలో మూడు చోట్ల వచ్చిన ‘ఎవరూ ఊహించని దాడి’ అన్న మాట. ఆ ఏప్రిల్ నాటికి గోదావరి జిల్లాల్లో యుద్ధాన్ని ఊహించనివాడెవరు? కాకినాడ నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచిన కాలమది; మనవాళ్ళు అంతమంది వెళ్ళారు గనుకనే బర్మాలో తెలుగువాళ్ళకు మన కోరంగి పేరు మీద ‘కోరంగీలు’ అన్న పిలుపు స్థిరపడింది. ఆ రంగూను మీద 1941 డిసెంబరు 23న బాంబులు పడ్డాయి. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది, మార్చి 8న రంగూను జపాను వశమైంది. ఓడ టిక్కెట్టు దొరకని లక్షలాది మంది కొండలూ అడవులూ దాటి నడిచి రావడానికి బయలుదేరారు. దాడికి ముందు రోజు, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద దాడి జరిగింది. కనుక భయం ఇంటింటా ఉంది. ఆ రోజనీ, ఆ గడియ అనీ మాత్రమే ఎవరికీ తెలియదు. ఆ రెంటికీ మధ్యనున్న సందులోనే నీ కథ ఉంది. రంగూను నుంచి తిరిగి వచ్చినవాడు ఒక్కడైనా నీ కథలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. అతడి మాట ఆ వీధిలో ఎవరు విన్నారు, ఎవరు చాదస్తమన్నారు?

చిన్న పొరపాటు ఒకటి దిద్దుకో. నీ కథలో పెద్ద ఓడ ఒకటి రేవు గట్టును ఆనుకుని కాలిపోయింది. 1990ల చివర లోతునీటి రేవు వచ్చేదాకా కాకినాడలో పెద్ద ఓడలు గట్టుకు చేరేవి కావు. సముద్రంలో దూరంగా లంగరు వేస్తే నావలు వెళ్ళి సరుకు దించుకుని వచ్చేవి. ఊళ్ళో వాళ్ళకు కనబడింది దూరాన పొగే.

అన్నిటికంటె ఎక్కువ సిరా ఖర్చయింది నీ చివరి పేరాకు. ‘ఏమరుపాటు జాతికి మృత్యువు, నిత్యం జాగరూకతే ఈ దాడి నేర్పిన శాశ్వత పాఠం’ అని ముగించావు. మాట తప్పని అనను. అయితే ఆ పాఠాన్ని ఎవరు, ఏ తేదీన, ఎవరి ఖర్చు మీద నేర్చుకున్నారో అడగకుండా రాసేశావు.

పెర్ల్ హార్బర్‌లో దాడికి పది రోజుల ముందు వాషింగ్టన్ నుంచి హెచ్చరిక వచ్చింది. అక్కడి సైన్యాధికారి దాన్ని చదివి జాగ్రత్త పడ్డాడు కూడా. కానీ ప్రమాదం ఆ ద్వీపంలో నివసించే జపానువాళ్ళ విధ్వంసక చర్యల వల్ల వస్తుందని భావించి, కాపలాకు అనువుగా ఉంటుందని విమానాలను రెక్కకు రెక్క ఆనించి ఒకచోట నిలబెట్టించాడు. పైనుంచి వచ్చినవాడికి అంతకంటె సులువైన గురి లేదు. ఆ దెబ్బ తిన్న తరువాత ప్రభుత్వం ఏం నేర్చుకుంది? 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన ఉత్తర్వు ప్రకారం పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇళ్ళు వదిలించి శిబిరాల్లో పెట్టింది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అది పొరపాటని ఆ దేశం చట్టం చేసి క్షమాపణ చెప్పడానికి 1988 దాకా పట్టింది. జాగరూకత అన్న నీ మాట పేరు మీదే ఆ శిబిరాలు వెలిశాయి.

మన వైపు చూడు. కాకినాడలో, విశాఖలో నష్టం స్వల్పమే. అసలు దెబ్బ బంగాళాఖాతంలో తగిలింది, అక్కడ జపాను సేనాని ఒజావా నడిపిన నౌకాదళం కొద్ది రోజుల్లో ఇరవై వరకు వర్తక నౌకలను ముంచింది. ఆ భయంతో ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వం కార్యాలయాలను లోపలి ఊళ్ళకు తరలించింది, జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపించింది. మద్రాసుకు ఏ దండూ రాలేదు. బెంగాలులో శత్రువుకు అందకూడదని తీర గ్రామాల బియ్యాన్నీ, పదిమందికి పైగా ఎక్కగల పడవలనూ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, చాలా పడవలను పాడుచేయించింది. పడవ లేకపోతే ఏమవుతుందో లంక గ్రామాలు తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. 1943 కరువుకు అది ఎంతవరకు కారణమో చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు, కానీ కారణాల్లో అదీ ఒకటన్న దానిపై పెద్దగా తగవు లేదు. బాంబులు పడిన వారంలోనే బ్రిటిష్ ప్రభుత్వం పంపిన క్రిప్స్ ఢిల్లీలో మన నాయకులతో మంతనాలు జరుపుతున్నాడు. తీరాన్ని కాపాడలేనివాడు దేశాన్ని ఏలడమెందుకన్నది ఆనాడు ఎందరో మనవాళ్ళు తీసుకున్న పాఠం. కొట్టినవాడి సంగతి కూడా ఉంది. కాకినాడ మీదికి విమానాలు పంపిన ర్యూజో నౌక ఆ ఏడాది ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల చేతిలో మునిగిపోయింది. ఒక్క సోమవారం నుంచి ఇన్ని పాఠాలు పుట్టాయి. ఇందులో ఏది శాశ్వతమో తేల్చే బాధ్యత నీ చివరి పేరా మీద ఎందుకు వేస్తావు?

సిద్ధంగా ఉండడం వద్దని నేను అనడం లేదు. తుపాను హెచ్చరికను తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 1996 నవంబరులో ఈ కోనసీమలో చూసినవాణ్ణి. అయితే తుపానుకు కులం, జాతి ఉండవు. యుద్ధంలో జాగ్రత్త అన్నది త్వరలోనే ఎవరో ఒకరి మీద అనుమానంగా మారుతుంది. ఆ మార్పు జరిగే క్షణాన్ని పట్టుకోగలిగితే నీ కథకు ముగింపు వాక్యం అక్కర లేదు. మీ తాతగారి వీధిలో ఆ సాయంత్రం ఎవరినైనా జపాను గూఢచారి అన్నారా? పరాయి మనిషినెవరినైనా నిలేశారా? అడుగు. అప్పటి పత్రికల పాత సంచికలు దొరికితే తిరగెయ్యి, సెన్సారు కాలమని మాత్రం మరచిపోకు.

మా వాళ్ళు ఆ రాత్రే కాలువ పడవలో లోపలి ఊరికి బయలుదేరారు. పారిపోయేవాళ్ళయినా సరే, ప్రతి లాకు దగ్గరా నీళ్ళు సమమయ్యేదాకా ఆగవలసిందే. మొదటి లాకు దగ్గర రెండు విమానాలన్నవాళ్ళు మూడో లాకు దగ్గరకు వచ్చేసరికి జపాను సైన్యం తీరంలో దిగిపోయిందన్నారట. మా అమ్మమ్మకు మాత్రం అప్పుడే అరుగు మీద ఆరుబయట వదిలేసిన చింతపండు గుర్తుకొచ్చి, మంచుకు తడిసి పాడవుతుందని తెల్లవార్లూ మా తాతయ్యను సాధించిందట.

మీ తాతగారు ఆ రోజు ఇంట్లో ఏం వదిలేసి వెళ్ళారో కనుక్కుని, కథ తిరగరాసి సంక్రాంతిలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు