చప్పుడు కన్నా పెడల్ మీద కన్నేసి ఉంచు

అమ్మలూ,

కారు బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమంటోంది, సర్వీసింగుకి ఇంకా టైముంది కదా, అప్పటిదాకా ఆగొచ్చా అని అడిగావు. ఆగకు. అలాగని టెన్షన్ పడాల్సిన పనీ లేదు. బ్రేకు వేసినప్పుడు చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కలా నొక్కి పట్టేవే ప్యాడ్లు. వాటిలో చాలావాటికి ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడగానే అది డిస్కుకి రాసుకుని కీచుమంటుంది. నీ బండిలో వినిపించేది అదే అయ్యుండొచ్చు. ఇప్పుడే చూపిస్తే ప్యాడ్లతో పోతుంది. ఊరుకుంటే ఆ కీచు కాస్తా గరగరగా మారుతుంది. అప్పటికి ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనప పలక డిస్కును గీరేస్తుంటుంది. ఇక డిస్కులు కూడా మార్చాల్సి రావచ్చు.

వానలో బయట నిలిపిన బండి పొద్దున్నే ఒకటి రెండుసార్లు గరుకుగా చప్పుడు చేస్తే మాత్రం పట్టించుకోకు. అది డిస్కు మీద పట్టిన పైపై తుప్పు. నాలుగు బ్రేకులు వేసేసరికి పోతుంది.

నిజానికి చప్పుడు చేసే బ్రేకంటే నాకు భయం తక్కువ. అది పక్క సీట్లో వాళ్లకీ వినిపిస్తుంది. పెడల్‌లో వచ్చే తేడా నీ కాలికి తప్ప ఎవరికీ తెలియదు. అది కూడా కొద్దికొద్దిగా మారితే కాలు దానికి అలవాటు పడిపోతుంది. అందుకే అప్పుడప్పుడు పనిగట్టుకుని చూడాలి. ఇంజన్ ఆపి ఉంచి పెడల్‌ని నాలుగైదుసార్లు నొక్కు, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చెయ్యి. కాస్త కిందికి దిగి ఆగిందంటే, నీ కాలి బలానికి తోడు బలమిచ్చే బూస్టర్ బాగున్నట్టే. రాయిలా కదలకుండా ఉంటే బూస్టర్‌నో, దానికి వెళ్లే వాక్యూమ్ పైపునో చూపించాలి. ఆగకుండా మెల్లగా అడుక్కి జారిపోతుంటే ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోందనో, పెడల్ నొక్కితే ఆ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల సీల్స్ పోయాయనో అనుకోవాలి. ఆ బండిని మెకానిక్ దగ్గరికి కూడా నువ్వు నడుపుకుంటూ వెళ్లొద్దు. ఆయన్నే పిలిపించు.

పెడల్ మెత్తగా, స్పాంజీగా ఉందంటే ఆయిల్ పైపుల్లో గాలి చేరి ఉండొచ్చు. పాతబడిన బ్రేక్ ఆయిల్ ఇంకో రకం ముప్పు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాట్ రోడ్డులో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, పెడల్ నొక్కినా బ్రేకు పట్టదు. మామూలు రోడ్ల మీద ఈ లోపం బయటపడకపోవచ్చు. కాబట్టి బండి తక్కువ తిరిగినా, మాన్యువల్‌లో వేరే గడువు చెప్పకపోతే, రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించు. రంగు బాగానే ఉందమ్మా అని ఎవరైనా అంటే వినకు, రంగును బట్టి తేమ తెలియదు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగు.

ఆయిల్ మట్టం తగ్గిందని వెంటనే పోసెయ్యకు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కూడా దిగుతుంది, కాబట్టి ముందు ప్యాడ్లు చూడాలి. అవి బాగుండి కూడా తగ్గుతుంటే ఎక్కడో లీకుంది.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగినా, ఒక చక్రం దగ్గర మాత్రమే మాడు వాసన వచ్చినా ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. స్టీరింగ్ వణికితే డిస్కులు చూపించు. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్ దడదడలాడితే అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని, కాలు తియ్యకు. హ్యాండ్ బ్రేకు దించినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటే బండి పక్కకి ఆపెయ్యి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, నెమ్మదిగా వెళ్లి చూపించుకోవచ్చు.

షెడ్డులో చక్రం విప్పించి ప్యాడ్లు నీ కళ్లతో చూడు. బయటిది మందంగా కనిపించినా లోపలిది అరిగిపోయి ఉండొచ్చు, దాన్నీ చూపించమను. 3 మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్పించు, ఎడమ కుడి రెండు చక్రాలకీ కలిపి. కొత్తవి వేశాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, తప్పనిసరైతే తప్ప, గట్టి బ్రేకులు కొట్టకు. ప్యాడ్ డిస్కుకి సరిగ్గా కూర్చోవాలి.

ఈ వారంలోనే తీసుకెళ్లి, లోపలి ప్యాడ్ ఎంత మిగిలిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మామయ్య